వందల సర్వర్లకు ఒకే స్క్రీన్: అడ్మిన్ కన్సోల్ డిజైన్ చేయడం ఎలా

ఒక్క సర్వర్‌ని బ్రౌజర్ నుంచి చూసుకునే పేజీ తయారు చేయడం ఇవాళ పెద్ద విద్యేం కాదు. వెబ్‌మిన్ 1997 నుంచీ ఆ పని చేస్తోంది. కాక్‌పిట్ అయితే చాలా లినక్స్‌లలో ఒక ప్యాకేజీ వేసుకుంటే చాలు, 9090 పోర్టులో వచ్చేస్తుంది. చిక్కంతా ఆ ఒక్కటి మూడొందలో మూడువేలో అయినప్పుడు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఒక సర్వర్ కోసం గీసిన పేజీకే పక్కన ఒక జాబితా తగిలించి, ప్రతి వరసకీ చెక్‌బాక్స్ పెట్టి, కింద "అన్నింటికీ చేయి" అనే బటన్ అతికిస్తారు. పది మెషీన్లతో డెమో చూపిస్తే అందరికీ నచ్చుతుంది.

సంఖ్య పెద్దదైతే ఏమవుతుందో చూడండి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే సేవ ఎస్3, అమెరికాలోని ఒక ప్రాంతంలో కొన్ని గంటలపాటు ఆగిపోయింది. బిల్లింగ్ సిస్టమ్ నెమ్మదించిందని చూస్తూ, కొద్ది సర్వర్లను పక్కకు తీయడానికి ఒక ఉద్యోగి కమాండ్ ఇచ్చారు. అందులో ఒక ఇన్‌పుట్ తప్పు పడింది. అనుకున్నవాటికన్నా చాలా ఎక్కువ సర్వర్లు పక్కకు పోయాయి. ఆ తర్వాత అమెజాన్ ఆ టూల్‌నే మార్చింది: సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీసేలా, కనీసం ఉండాల్సిన సంఖ్యకంటే కిందికి దించబోతే అసలు ఒప్పుకోకుండా.

అన్ని సర్వర్లనూ ఒకేచోట చూసి నడిపే స్క్రీన్, అంటే అడ్మిన్ కన్సోల్, నొక్కేముందు "ఏ మెషీన్లు, మొత్తం ఎన్ని" అని చెప్పాలి. నొక్కాక "ఏవి మిగిలిపోయాయి" అని చెప్పాలి. ఈ రెండూ సూటిగా చెప్పగలిగితే మీ కన్సోల్ పనికొస్తుంది, మిగతావన్నీ అలంకారాలు. కింది అడుగులు ఆ లెక్కలో రాసినవే.

ముందు ప్రశ్నలు రాసుకోండి

డాష్‌బోర్డ్‌తో మొదలుపెట్టకండి. పెద్ద పెద్ద అంకెలు, గుండ్రటి గ్రాఫులు ఉన్న మొదటి పేజీ చూపించుకోవడానికి బాగుంటుంది కానీ, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి కూర్చున్న మనిషికి దాంతో పని తక్కువ. ఆ మనిషి నోట వచ్చే మాటలు వేరు: "పాత వెర్షన్ ఇంకా ఏయే మెషీన్లలో ఉంది?" "నిన్న ప్యాచ్ ఎక్కనివి ఏవి?" "ఈ సర్వర్ ఎవరిది, రీస్టార్ట్ చేస్తే ఎవరైనా కేకలేస్తారా?" "దీన్ని చివరిసారి ముట్టుకున్నదెవరు?"

ఆ మాటలు ఆపరేటర్ల దగ్గర కూర్చుని విని, విన్నవి విన్నట్టు కాగితం మీద పెట్టండి. ఒక పదిహేను పోగయ్యాక చూస్తే చాలావరకు "వెతికి పట్టుకోవడం" గురించే ఉంటాయి, "మార్చడం" గురించి కొద్దే. కాబట్టి మొదటి పేజీ జాబితానే కావాలి. గ్రాఫులు కావాలంటే గ్రఫానా లాంటివి ఇప్పటికే ఉన్నాయి, ప్రతి మెషీన్ పేజీ నుంచి అక్కడికి ఒక లింకు ఇవ్వండి. మళ్లీ మీరు కట్టనక్కర్లేదు.

ప్రతి మెషీన్‌కీ మారని గుర్తు ఇవ్వండి

హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో మెషీన్ పేరు) మారుతుంది. ఐపీ అడ్రస్ ఇవాళ దీనిది, రేపు ఇంకొకదానిది. లినక్స్‌లో మెషీన్-ఐడీ ఫైలు ఉంది కదా అని దాన్ని నమ్ముకుంటే ఇంకో తంటా: వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేసేటప్పుడు ఆ ఫైలు ఖాళీ చేయకపోతే రెండింటికీ ఒకే ఐడీ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు స్క్రీన్ మీద ఒకటే వరస ఉంటుంది, అందులోని ఐపీ, మెమరీ మాత్రం నిమిషానికోసారి అటూ ఇటూ మారుతుంటాయి. చూసినవాళ్లు నెట్‌వర్క్‌ని అనుమానిస్తారు. మెషీన్ మొదటిసారి చేరినప్పుడే మీ కన్సోల్ సొంతంగా ఒక ఐడీ ఇవ్వాలి. ఒకే ఐడీతో రెండు చోట్ల నుంచి రిపోర్టులు వస్తుంటే ఆ సంగతి ఎర్రగా చూపించాలి.

గ్రూపుల విషయానికొస్తే, ఫోల్డర్ల చెట్టు కట్టకండి. ఒక మెషీన్ ఒకేసారి "వెబ్" కిందికీ, "ప్రొడక్షన్" (నిజంగా వాడకంలో ఉన్నవి) కిందికీ, "ఫలానా టీమ్" కిందికీ వస్తుంది. చెట్టులో దానికి ఒక్క కొమ్మే దొరుకుతుంది. లేబుళ్లు ఇవ్వండి: రోల్ (ఏ పని చేస్తుంది), ఎన్విరాన్‌మెంట్ (ప్రొడక్షనా, టెస్టా), సైట్ (ఏ చోట ఉంది), ఓనర్ (ఎవరిది). గ్రూప్ అంటే పేరు పెట్టి దాచుకున్న ఫిల్టర్, అంతే. వీటిలో ఎన్విరాన్‌మెంట్, ఓనర్ మాత్రం తప్పనిసరి చేయండి. అవి లేని మెషీన్లను ఎక్కడో అడుగున దాచకుండా "లేబుల్ లేనివి" అని జాబితాలో పైనే ఒక లింకుగా పెట్టండి. తర్వాత ఎప్పుడో తలనొప్పి తెచ్చేవి సాధారణంగా ఆ గుంపులోనే ఉంటాయి.

ఈ సమాచారం ఎప్పటిదో పక్కనే రాయండి

మెషీన్లతో మీ కన్సోల్ ఎలా మాట్లాడుతుందన్నది ఇంజినీరింగ్ నిర్ణయమే అయినా, దాని ప్రభావం నేరుగా స్క్రీన్ మీద పడుతుంది. ఆన్సిబుల్, పప్పెట్, సాల్ట్ అనేవి చాలా సర్వర్లను ఒకేచోటి నుంచి నడిపే టూల్స్. ఆన్సిబుల్‌లా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మీద వెళితే మీరు అడిగినప్పుడే జవాబు. పప్పెట్ ఏజెంట్ (మెషీన్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాం) మామూలుగా 30 నిమిషాలకోసారి పలకరిస్తుంది. సాల్ట్ ఏజెంట్లయితే మాస్టర్‌తో (వాటిని నడిపే సర్వర్‌తో) కనెక్షన్ ఎప్పుడూ తెరిచే ఉంచుకుంటాయి. అంటే మీ స్క్రీన్ మీద "నడుస్తోంది" అని కనిపించే మాట ఒకచోట రెండు సెకన్ల కిందటిది, ఇంకోచోట 29 నిమిషాల కిందటిది కావచ్చు.

అందుకే ప్రతి వరసలోనూ "చివరిగా పలికింది: 4 నిమిషాల కింద" అని ఒక కాలమ్ ఉండి తీరాలి. అనుకున్న గడువు దాటితే ఆ వరసలో పాత స్థితిని అలాగే పచ్చగా ఉంచకండి, బూడిదరంగులోకి మార్చండి. మెషీన్లను కనిపెట్టుకుని ఉండే నాగియోస్ అనే టూల్‌లో ఓకే, వార్నింగ్, క్రిటికల్‌తోపాటు "అన్‌నోన్" అని నాలుగో స్థితి మొదటినుంచీ ఎందుకుందో ఇక్కడే అర్థమవుతుంది. "పడిపోయింది" వేరు, "దాని సంగతి మాకు తెలియదు" వేరు. రెండింటికీ ఒకే ఎర్ర చుక్క పెడితే, నెట్‌వర్క్ లింక్ ఒకటి తెగినప్పుడు బాగానే నడుస్తున్న రెండొందల సర్వర్లను ఎవరో ఒకరు రీబూట్ చేయబోతారు.

ఒకే సైట్‌లో చాలా మెషీన్లు ఒకేసారి మౌనమైపోతే రెండొందల అలర్ట్‌లు కురిపించకుండా "ఈ సైట్‌లో 212 మెషీన్లు 02:14 నుంచి పలకడం లేదు" అని ఒక్క వరస రాయండి. పక్కన ఆ సైట్‌ నుంచి సమాచారం తెచ్చే కలెక్టర్ స్థితి కూడా ఉండాలి. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. టైమ్ మాత్రం మెషీన్ చెప్పింది తీసుకోకండి, మీ సర్వర్‌కి రిపోర్టు అందిన టైమ్ తీసుకోండి. గంట ముందుకు తిరుగుతున్న గడియారం ఏదో ఒక మెషీన్‌లో ఎప్పుడూ ఉంటుంది.

జాబితా పేజీ మీద ఎక్కువ రోజులు పెట్టండి

ఈ పేజీ ముందే అడ్మిన్ల రోజంతా గడుస్తుంది. ఇక్కడ కార్డులు వద్దు. ఒక్కో మెషీన్‌కి అందమైన పెట్టె, నీడ, ఐకాను ఇస్తే స్క్రీన్‌కి తొమ్మిది పడతాయి. ఇరుకుగా కనిపించినా పట్టికే మేలు. ఒక చూపులో నలభై వరసలు కనబడాలి.

వరసలు మామూలుగా తేడా ఉన్నవి ముందు వచ్చేలా పేర్చండి. అక్షర క్రమం కావాలంటే వాళ్లే నొక్కుకుంటారు. పేర్ల క్రమంలో వెబ్-10 కన్నా వెబ్-2 ముందు రావాలి. చిన్న విషయమే అయినా, ఇది తప్పితే ప్రతిరోజూ ఎవరో ఒకరు తిట్టుకుంటారు.

పేర్లు కత్తిరించే తీరు గురించి ఇంకాస్త చెప్పాలి. సర్వర్ల పేర్లు పొడుగ్గా ఉంటాయి, ముందు భాగమంతా అన్నింటికీ ఒకటే: "ప్రొడ్-ఈస్ట్-పేమెంట్స్-వెబ్-017" లాగా. కాలమ్ చోటు చాలక బ్రౌజర్ చివర కత్తిరించి మూడు చుక్కలు పెడుతుంది. అప్పుడు ఇరవై వరసల్లో ఇరవైసార్లు "ప్రొడ్-ఈస్ట్-పేమెం…" అని ఒకటే పేరు. ఏది ఏదో చెప్పే ఆ 017 కాస్తా చుక్కల్లో కలిసిపోయింది. కత్తిరించక తప్పకపోతే మధ్యలో కత్తిరించండి, చివరి అక్షరాలు ఎప్పుడూ కనిపించనివ్వండి. పేరు మీద నొక్కితే మొత్తం పేరు కాపీ కావాలి.

ఫిల్టర్ చేయడం, పేజీలుగా విడగొట్టడం సర్వర్ వైపే జరగాలి. ఐదువేల వరసలు ఒకేసారి బ్రౌజర్‌లోకి దించితే అది ముక్కుతూ మూలుగుతుంది. కనిపించే వరసలనే గీసే వర్చువల్ స్క్రోల్ వాడితే వేగం వస్తుంది గానీ, కీబోర్డుతో కంట్రోల్-ఎఫ్ నొక్కి వెతికేవాళ్లకు పేజీలో లేని వరసలు దొరకవు. ఉన్న మెషీన్ లేదనుకుంటారు. కాబట్టి ఆ కీలు నొక్కినప్పుడు మీ సొంత వెతుకుడు పెట్టెలోకే కర్సర్ వెళ్లేలా చూడండి.

ఆ పెట్టె ఒక్క పేరునే కాదు, టికెట్లోంచో ఎక్సెల్‌లోంచో కాపీ చేసుకొచ్చిన నలభై పేర్లను కూడా తీసుకోగలగాలి. కామాలు, ఖాళీలు, కొత్త వరసలు, ఏవున్నా సరే. తీసుకుని "37 దొరికాయి, ఈ 3 దొరకలేదు" అని ఆ మూడింటి పేర్లతో సహా చెప్పాలి. నా మటుకు ఒక కన్సోల్‌ని అడ్మిన్లు ఇష్టపడతారా లేదా అన్నది ఈ ఒక్క సౌకర్యం చూసి చెప్పేయొచ్చు.

ఫిల్టర్ అంతా పేజీ అడ్రస్‌లోకే రావాలి. ఆ లింకు చాట్‌లో పడేస్తే అవతలి మనిషికి కూడా అదే జాబితా తెరుచుకోవాలి.

రంగుల సంగతి త్వరగా తేల్చేద్దాం. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు తక్కువమందేం కాదు. ఉత్తర యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు 8 శాతం. రంగుతోపాటు ఆకారం, మాట కూడా మారాలి. అక్షరాలకూ నేపథ్యానికీ కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. బాగున్నవాటిని వెలిగిపోయే పచ్చరంగులో చూపించాల్సిన పని లేదు, అవి మసకగా ఉంటేనే తేడా ఉన్నవి కంటికి తగులుతాయి.

ఎంపిక: అన్నిటికన్నా జాగ్రత్త ఇక్కడ

పట్టిక తలమీద ఉండే ఆ చిన్న చెక్‌బాక్స్ చూడండి. ఫిల్టర్‌కి 1,240 మెషీన్లు సరిపోయాయి, పేజీలో 50 కనిపిస్తున్నాయి. ఆ పెట్టె టిక్ చేస్తే ఎన్ని ఎంచుకున్నట్టు? 50 అని కొందరు, 1,240 అని కొందరు, ఫిల్టర్‌తో నిమిత్తం లేకుండా ఉన్నవన్నీ అని మరికొందరు అనుకుంటారు. ముగ్గురికీ వాళ్లనుకున్నదే సహజంగా తోస్తుంది.

టిక్ చేయగానే పట్టిక పైన ఒక పట్టీ రావాలి: "ఈ పేజీలోని 50 ఎంచుకున్నారు. ఫిల్టర్‌కి సరిపోయే 1,240 కూడా ఎంచుకోవాలా?" రెండోది విడిగా నొక్కితేనే జరగాలి.

తర్వాత ఫిల్టర్ మార్చారనుకోండి. ముందు ఎంచుకున్నవి కొన్ని కనబడకుండా పోతాయి. అవి ఇంకా ఎంపికలో ఉన్నట్టా, లేనట్టా? ఏదో ఒకటి నిర్ణయించుకోండి కానీ, ఆ నిర్ణయం కంటికి కనిపించాలి. స్క్రీన్ అడుగున ఎప్పుడూ ఉండే ఒక పట్టీ పెట్టి, "ఎంచుకున్నవి 63. వీటిలో 14 ఇప్పటి ఫిల్టర్‌లో కనిపించడం లేదు" అని రాయమంటాను. దాని మీద నొక్కితే ఆ 63 మాత్రమే చూపించాలి.

ఇంకో లోతైన ప్రశ్న: ఎంపిక అంటే మెషీన్ల పేర్ల జాబితానా, లేక ఫిల్టరా? ఫిల్టర్ అయితే మీరు చూసిన క్షణానికీ నొక్కిన క్షణానికీ మధ్య రెండు కొత్త మెషీన్లు అందులో చేరిపోవచ్చు. అప్పటికప్పుడు చేసే పనులకు ఐడీల జాబితానే పంపండి. మధ్యలో తేడా వస్తే "మీరు చూసినప్పుడు 63, ఇప్పుడు 65. కొత్తగా చేరినవి ఇవి" అని చెప్పి ఆగండి. ప్రతి ఆదివారం రాత్రి జరగాల్సిన పనికైతే ఫిల్టరే సరైనది, ఎందుకంటే వచ్చే నెల చేరే మెషీన్ కూడా అందులో ఉండాలి. షెడ్యూల్ పెట్టేటప్పుడు ఈ రెండిట్లో ఏది కావాలో మనిషినే అడగండి. మీరు ఊహించి పెట్టకండి.

చివరగా ఏపీఐ (స్క్రిప్టులు మీ కన్సోల్‌తో మాట్లాడే దారి) వైపు ఒక కట్టుబాటు: ఖాళీ ఫిల్టర్ వస్తే దాని అర్థం "ఏదీ కాదు" అని ఉండాలి. "అన్నీ" అని ఉండకూడదు. స్క్రిప్టులో ఒక వేరియబుల్ ఖాళీగా ఉండిపోయినందుకు మొత్తం మెషీన్లు రీబూట్ అయ్యే దారి ఇదే. నిజంగా అన్నీ కావాలంటే "అన్నీ" అని మాటగా రాసి పంపాలి.

నొక్కేముందు ఏం చూపించాలి

"మీరు ఖచ్చితంగా ఇది చేయాలనుకుంటున్నారా?" అనే పెట్టె దండగ. వారం తిరిగేసరికి చదవకుండానే "అవును" నొక్కడం చేతికి అలవాటైపోతుంది. దాని బదులు ఆ పెట్టెలో కొత్త సమాచారం ఉండాలి: ప్రొడక్షన్ 48, టెస్ట్ 15, వీటి ఓనర్లు ఈ మూడు టీములు, 5 మెషీన్లు పలకడం లేదు కాబట్టి వాటికి పని అందకపోవచ్చు. బటన్ మీద "సరే" అని కాకుండా "63 మెషీన్లను రీస్టార్ట్ చేయి" అని ఉండాలి. టెస్ట్ మెషీన్లు మాత్రమే ఎంచుకున్నాననుకున్నవాళ్లు "ప్రొడక్షన్ 48" దగ్గర ఆగుతారు. ఆ పెట్టె ఉన్నదే అందుకు.

ఆన్సిబుల్‌లో చెక్ మోడ్ ఉన్నట్టు, మార్చకుండా "ఏం మారుతుందో" చూపించే ఒక ఉత్తుత్తి నడక మీ పనులకు వీలైతే ఇవ్వండి. పెద్ద సంఖ్యలో చెరిపే పనులకు మాత్రం ఆ సంఖ్యను చేత్తో టైప్ చేయించండి. ప్రతి చిన్నదానికీ టైప్ చేయిస్తే అదీ అలవాటైపోయి విలువ పోతుంది. "వెబ్ రోల్‌లో ఒకేసారి 20 శాతానికి మించి ఆపకూడదు" లాంటి కట్టడి సర్వర్‌లోనే ఉండాలి. స్క్రీన్‌ని దాటేసి స్క్రిప్టుతో వచ్చినవాళ్లకూ అదే వర్తించాలి.

ఒక్క మెషీన్ పేజీలోనూ, బ్రౌజర్‌లో తెరిచే టెర్మినల్‌లోనూ పేరు, రోల్, ఎన్విరాన్‌మెంట్ పైన కదలకుండా ఉండనివ్వండి. 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సేవ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ సెకండరీ (నకలు ఉంచే) డేటాబేస్ సర్వర్ అనుకుని ప్రైమరీ (అసలుది) మీద డేటా డైరెక్టరీ చెరిపేశారు. రెండు సర్వర్ల పేర్లలో తేడా ఒక్క అంకె. సుమారు 6 గంటల డేటా తిరిగి రాలేదు.

పనిని అలలుగా పంపండి

బటన్ నొక్కగానే బ్రౌజర్ కూర్చుని ఒక్కో మెషీన్‌కి రిక్వెస్టు పంపే పద్ధతి వద్దు. ల్యాప్‌టాప్ మూత పడితే పని సగంలో ఆగుతుంది, ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. నొక్కగానే సర్వర్ "అందింది" అని 202 జవాబుతో ఒక జాబ్ నంబరు ఇవ్వాలి. ఆ జాబ్‌కి సొంత పేజీ, సొంత లింకు ఉండాలి. బ్రౌజర్ మూసేసినా పని సాగాలి.

జాబ్ ఎప్పుడూ అలలుగా వెళ్లడమే మామూలు పద్ధతి చేయండి: ముందు 1, బాగుంటే 10, ఆ తర్వాత పది శాతం చొప్పున. "అన్నీ ఒకేసారి" కావాలన్నవాళ్లు దాన్ని విడిగా వెళ్లి ఎంచుకోవాలి. ఆన్సిబుల్‌లో సీరియల్, ఫెయిల్ శాతం పరిమితి అనే రెండు సెట్టింగులు సరిగ్గా ఇందుకే ఉన్నాయి; మీ స్క్రీన్‌లో అవి "అడ్వాన్స్‌డ్" మడతలో దాక్కోకూడదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ నుంచి వచ్చిన తప్పుడు అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టిందని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఆ తర్వాత ఆ కంపెనీ చెప్పిన దిద్దుబాట్లలో ఒకటి ఇలాంటి అప్‌డేట్లను దశలవారీగా పంపడం.

అలకీ అలకీ మధ్య ఎంతసేపు ఆగాలి? కమాండ్ 0 (తప్పులేమీ లేవు) అని తిరిగొస్తే పని అయినట్టు కాదు. రీబూట్ అయిన మెషీన్ మళ్లీ లేచిందా, దాని సర్వీస్ పోర్టులో పలుకుతోందా అని చూశాకే తర్వాతి అల. మెమరీ మెల్లగా కారిపోయే రకం లోపాలు ఐదు నిమిషాల్లో బయటపడవు కాబట్టి, ప్రొడక్షన్‌లో మొదటి అల తర్వాత మనిషి చూసి "కొనసాగించు" అనేదాకా ఆగే వీలు కూడా ఉండాలి.

"ఆపు" బటన్ విషయంలో నిజం చెప్పండి. అప్పటికే సగంలో ఉన్న మెషీన్‌లో ప్యాకేజీ ఎక్కుతుంటే దాన్ని తెంపడం ఇంకా ప్రమాదం. మీ బటన్ నిజంగా చేసేది కొత్తవి మొదలుపెట్టకుండా ఉండటమే అయితే దాని మీద "కొత్తవి మొదలుపెట్టకు" అని రాసి, పక్కన "12 మెషీన్లలో ఇప్పటికే నడుస్తోంది, అవి పూర్తవుతాయి" అని చూపించండి.

ఫలితాల్లో మిగిలినవి ముందు

97 శాతం నిండిన పచ్చటి పట్టీ చూస్తే మనసుకి హాయిగా ఉంటుంది. మిగిలిన 3 శాతంలోనే మీ రేపటి పని ఉంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థలో కొత్త కోడ్ 8 సర్వర్లలో 7 చోట్లే ఎక్కింది. ఎనిమిదో దాంట్లో పాత కోడ్ నడిచింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

అందుకే జాబ్ పేజీలో పైన ఉండాల్సింది అవ్వనివాటి జాబితా. "ఫెయిల్" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. పని చేసి తప్పింది, అసలు అందుబాటులోకే రాలేదు, ముందే సరిగా ఉంది కాబట్టి మార్చలేదు, ఎవరో ఆపారు కాబట్టి మొదలే కాలేదు: ఇవి నాలుగూ వేర్వేరు, ఒక్కోదానికి తర్వాత చేయాల్సింది వేరు. అందనివాటికి ఇంకో నిర్ణయం కూడా కావాలి. నాలుగు రోజుల తర్వాత మెషీన్ మళ్లీ లేస్తే ఈ పాత పని అప్పుడు నడవాలా? ప్రతి జాబ్‌కీ గడువు పెట్టించండి. గడువు దాటిన పని తనంతట తాను నడవకూడదు.

మూడొందల మెషీన్ల నుంచి మూడొందల అవుట్‌పుట్‌లు వస్తాయి. అవన్నీ ఎవరు చదువుతారు? క్లస్టర్లు (కలిసి పనిచేసే మెషీన్ల గుంపులు) నడిపేవాళ్లు కమాండ్ లైన్‌లో డీఎస్‌హెచ్‌బ్యాక్, క్లూబ్యాక్ అనే చిన్న టూల్స్ ఏళ్లుగా వాడుతున్నారు. అవి అచ్చం ఒకేలా ఉన్న జవాబులను ఒక్కచోట మడిచేస్తాయి. మీ పేజీ కూడా అలాగే చేయాలి: "287 మెషీన్లు: సర్వీస్ రీస్టార్ట్ అయింది. 9 మెషీన్లు: డిస్క్ నిండింది. 4 మెషీన్లు: ప్యాకేజీ లాక్ పట్టుకుని ఉంది." పోల్చేముందు అవుట్‌పుట్‌లోంచి టైమ్, ప్రాసెస్ నంబర్లు, ఆ మెషీన్ పేరు తీసేయాలి, లేదంటే ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక్కో గుంపు పక్కన "వీటిని ఎంచుకో" అని బటన్ ఇస్తే, డిస్క్ నిండిన ఆ తొమ్మిదీ తర్వాతి పనికి తిన్నగా ఎంపికలోకి వస్తాయి.

కదిలే స్క్రీన్

ప్రతిదీ క్షణక్షణం మారాల్సిన అవసరం లేదు. జాబితా పేజీకి పది సెకన్లకోసారి అడిగితే చాలు. జాబ్ పేజీకి సర్వర్ నుంచి తోసే ఈవెంట్లు బాగుంటాయి. టెర్మినల్‌కి మాత్రం వెబ్‌సాకెట్ (రెండువైపులా మాట్లాడుకునేలా తెరిచే ఉండే కనెక్షన్) కావాలి. ఒక మెలిక గుర్తుంచుకోండి: పాత హెచ్‌టీటీపీ 1.1 మీద బ్రౌజర్లు ఒకే సర్వర్‌కి మామూలుగా 6 కనెక్షన్లకు మించి తెరవవు. జాబ్ పేజీ ఒక్కోటీ ఒక కనెక్షన్‌ని తెరిచే ఉంచుతుంది కాబట్టి, ఆరు ట్యాబుల్లో ఆరు జాబ్‌లు చూస్తున్న మనిషికి ఏడో ట్యాబు తిరుగుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీ 2 పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మౌస్ కింద వరసలు కదలకూడదు. ఒకదాని మీద నొక్కబోతుండగా జాబితా మళ్లీ పేర్చుకుంటే నొక్కుడు పక్కదాని మీద పడుతుంది. గడుల్లో విలువలు మారనివ్వండి. వరసల క్రమం మాత్రం "7 మార్పులు వచ్చాయి, చూపించు" అన్నది నొక్కాకే మారాలి. సర్వర్‌తో కనెక్షన్ తెగితే పేజీ మొత్తం మసకబారి ఆ సంగతి చెప్పాలి. లేకపోతే, తెగిపోయిన పేజీలో నిలిచిపోయిన పచ్చచుక్కలు చూసి అంతా బాగుందనుకునేవాళ్లను మీరు ఎలాగూ ఆపలేరు.

తాళం చెవులన్నీ ఒకేచోట

ఈ కన్సోల్‌లోకి దూరినవాడికి అన్ని మెషీన్లూ దొరికినట్టే. 2021 జులైలో కసేయా వీఎస్‌ఏ అనే రిమోట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలతో దాడి చేసినవాళ్లు, దాని ద్వారానే వందల సంస్థల్లోకి ర్యాన్సమ్‌వేర్ పంపారు. రెండంచెల లాగిన్ తప్పనిసరి. అనుమతి అంటే "ఎవరు, ఏ పని, ఏ మెషీన్ల మీద" అని మూడూ కలిపి చూడాలి. ఆ తనిఖీ జరగాల్సింది సర్వర్ వైపే. బటన్ దాచడం అనుమతి కాదు.

చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. మెషీన్ల నుంచి వచ్చే ప్రతి అక్షరాన్నీ అపరిచితుడు పంపిన దానిలాగే చూడాలి. ఒక్క మెషీన్ పరుల చేతిలో పడి, దాని హోస్ట్‌నేమ్‌లోనో లాగ్ వరసలోనో ఒక స్క్రిప్ట్ ట్యాగ్ పెట్టారనుకోండి. మీ పేజీ దాన్ని శుభ్రం చేయకుండా చూపిస్తే ఆ స్క్రిప్ట్ అడ్మిన్ బ్రౌజర్‌లో, అడ్మిన్ అధికారాలతో నడుస్తుంది. ఒకటి పోయింది కాస్తా అన్నీ పోయినట్టవుతుంది.

లాగ్‌లో "ఫలానావారు రీస్టార్ట్ చేశారు" అని రాస్తే చాలదు. ఏ ఫిల్టర్‌తో ఎంచుకున్నారు, అప్పుడు అందులోకి వచ్చిన మెషీన్లేవి, ఎందుకు చేశారు, చివరికి ఏమైంది, అన్నీ ఉండాలి. ఆ లాగ్ కన్సోల్ నుంచి చెరపడానికి వీల్లేని వేరే చోట ఉండాలి.

అబద్ధపు మెషీన్లతో పరీక్షించండి

ఐదువేల నకిలీ ఏజెంట్లను నడిపే చిన్న ప్రోగ్రాం రాసుకోండి. అందులో కొన్ని నెమ్మదిగా పలకాలి, కొన్ని మధ్యలో మౌనం వహించాలి, ఒకటి గంట ముందు టైమ్ చెప్పాలి, రెండింటికి ఒకే ఐడీ ఉండాలి, ఒకటి పది మెగాబైట్ల అవుట్‌పుట్ కక్కాలి. ఆ తర్వాత రోజూ ఈ పని చేసే మనిషిని కూర్చోబెట్టి ఒక పని చెప్పండి: "ప్యాచ్ ఎక్కని టెస్ట్ మెషీన్లు మాత్రం రీస్టార్ట్ చేయండి." సాయం చేయకండి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగాల్సింది ఆగకుండా పోయిందో చూస్తూ కూర్చోండి.

ఆ పరీక్షలో ఒకసారి మొత్తం మెషీన్లను రీబూట్ చేయించండి. కన్సోల్ నడిచే సర్వర్ కూడా ఆ జాబితాలోనే ఉందని చాలామందికి అప్పుడే తడుతుంది. దానికీ దాని డేటాబేస్‌కీ ప్రత్యేక లేబుల్ ఇచ్చి, మామూలు ఎంపికల్లోకి రాకుండా చేయండి. రావాల్సి వచ్చినా చివరి అలలో, ఒకదాని తర్వాత ఒకటిగా. ఇంకా, మెషీన్ల జాబితా మొత్తాన్ని లేబుళ్లతో సహా ఆన్సిబుల్ చదవగలిగే ఫైలుగా ప్రతి రాత్రీ ఎగుమతి చేసి, కన్సోల్‌తో సంబంధం లేని చోట, డ్యూటీలో ఉన్నవాళ్లకు తెలిసిన చోట పెట్టండి. కన్సోల్ లేవనప్పుడు వాళ్లు ఆ ఫైలుతో, ఎస్‌ఎస్‌హెచ్‌తో పని మొదలుపెట్టగలరో లేదో మూడు నెలలకోసారి చేయించి చూడండి.